శాసనసభలో తొలి మహిళ

1947వ సంవత్సరమున మద్రాసు శాసనసభ ఒక చట్టమును చేసెను. ఆడపిల్లలను దేవాలయములకు దేవదాసీలుగా సమర్పించుట నేరమని ఆ చట్టము శాసించినది. అట్టి చట్టము కావలెనని తొలుత బిల్లు తెచ్చిన వ్యక్తి ఆనాడు సభలో సభ్యురాలు కాదు. ఆమె సభను విడిచి అప్పటికి పదునేడేండ్లు గడచినవి. ఒక శాసనము పుట్టుటకు అన్ని యేండ్లు ఏల పట్టెనో, ఆ నడుమ ఆమె ఏమి చేయుచుండెనో తెలిసికొన్నచో శాసనసభ్యుల పని యెట్టిదో కొంత బోధపడును. ఆమె పేరు డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి.

ముత్తులక్ష్మి 1886వ సంవత్సరము జూలై 30వ తేదీన పుదుక్కోటలో జన్మించెను. పుదుక్కోట తమిళదేశమున తొండమాన్ రాజులు ఏలిన చిన్న సంస్థానము. తండ్రి నారాయణస్వామి అయ్యరు అచ్చటి మహారాజావారి కళాశాలకు ప్రధానాచార్యుడు. తల్లి చంద్రమ్మాళ్ దేవాలయములలో గానము, నాట్యము కులవృత్తిగా గల వంశమున పుట్టినది. ఈ సంబంధమును అయ్యరుగారి బంధువులు హర్షింపలేదు. ముత్తులక్ష్మి పెరిగి పెద్దదై చేసిన పనికంతటికి బీజము ఆ యింటిలోనే పడినదని చెప్పవచ్చును. తల్లివైపు బంధువుల ఇండ్లలో బాలికల భవిష్యత్తు వారి ప్రమేయము లేకయే యెట్లు నిర్ణయింపబడునో ఆమె పుస్తకములు చదివి తెలిసికొనవలసిన యవసరము లేకపోయెను.

ఆ రోజులలో బాలిక పండ్రెండు పదుమూడేండ్లకు వచ్చినంతనే బడి మానిపించుట ఆచారము. ముత్తులక్ష్మికిని అట్లే జరిగెను. తల్లి పెండ్లి తలపెట్టెను; కుమార్తె చదువు తలపెట్టెను. తండ్రి కుమార్తె పక్షము వహించి ఇంటివద్దనే పాఠములు చెప్పించెను. ఆమె ప్రవేశ పరీక్షలో ఉత్తీర్ణురాలయ్యెను. అంతట అసలు చిక్కు వచ్చెను. ఊరనున్న కళాశాల మగపిల్లలది. ఒక బాలిక తరగతిలో కూర్చున్నచో బాలురు చెడిపోవుదురని కొందరు తలిదండ్రులు మొరపెట్టిరి. పుదుక్కోట రాజు ఆ మొరను పాటింపక ఆమెను చేర్చుకొనుటకు ఆజ్ఞ యిచ్చెను. బాలురు చెడిపోయినట్లు ఎవ్వరును వ్రాసి పెట్టలేదు.

1907లో ఆమె మద్రాసు వైద్యకళాశాలలో చేరి 1912లో పట్టము పొందెను. పిదప ఎగ్మూరునందలి ప్రభుత్వ ప్రసూతి వైద్యశాలలో పనిచేసెను. 1914లో డాక్టరు సుందరరెడ్డిని వివాహమాడెను. ఈ వివాహమునకు ముందు ఆమె వరుని ఒక మాట అడిగెను. తనను సమానురాలిగా చూడవలెను. తన యిష్టములకు అడ్డు తగులరాదు. ఆయన అంగీకరించెను. తరువాత జీవితమంతయు ఆ మాటపై నిలచెను. భార్యను శాసనసభకు వెళ్లుమని ప్రోత్సహించిన వారిలో ఆయనయు ఒకడు.

అప్పటి శాసనసభను గూర్చి కొంత చెప్పవలసి యున్నది. 1919వ సంవత్సరపు చట్టము ననుసరించి రాష్ట్రములలో శాసనమండలులు విస్తరింపబడినవి. మద్రాసు రాజధానిలో నేటి తమిళనాడులో అధికభాగమేగాక, కోస్తా జిల్లాలు, రాయలసీమ, మలబారు, దక్షిణ కన్నడము కూడ చేరియుండెను. అన్ని ప్రాంతముల ప్రతినిధులును మద్రాసులోని సెంటుజార్జికోటలో సమావేశమగుచుండిరి. సభ్యులలో కొందరు ప్రజలచే ఎన్నుకొనబడినవారు, కొందరు ప్రభుత్వముచే నియమింపబడినవారు. ప్రజలనగా అందరు కారు. ఆస్తియు, పన్నుచెల్లింపును గలవారికే ఓటు. స్త్రీలకు ఓటు ఇచ్చుటయా మానుటయా అను ప్రశ్నను ఆ చట్టము రాష్ట్రములకే విడిచిపెట్టెను. 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటుహక్కు నిచ్చెను. భారతదేశపు రాష్ట్రములలో ఈ పని మొదట చేసినది మద్రాసే. అయినను ఆస్తి గల స్త్రీలు ఎందరుందురు? ఓటు వచ్చినది కొద్దిమందికే. సభలో కూర్చుండు హక్కు మరి అయిదేండ్లకుగాని రాలేదు.

1926లో ఆ ద్వారము తెరువబడెను. మంగుళూరు నుండి కమలాదేవీ చట్టోపాధ్యాయ ఎన్నికలో నిలచి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయెను. అడయారునందు 1917లో వెలసిన భారత మహిళాసంఘము, మండలిలో ఒక స్త్రీనైనను నియమింపవలెనని ప్రభుత్వమును కోరుచు ముత్తులక్ష్మీరెడ్డి పేరు సూచించెను. ఆమె వెంటనే ఒప్పుకొనలేదు. సభకు పోయినచో రోగుల నెవరు చూతురు అని ఆమె సందేహము. ఇది వినయముచే పలికిన మాట కాదు. స్త్రీలు పురుష వైద్యునివద్దకు పోవుటకు సిగ్గుపడి ప్రాణములు పోగొట్టుకొనుచున్న కాలమది. వైద్యురాలు ఒక పూట లేకున్నను నష్టమే. చివరకు స్త్రీల, శిశువుల బాధలను ప్రభుత్వము చెవిని వేయుటకు ఇది యొక మార్గమని తలచి అంగీకరించెను. సంస్థానములను విడిచినచో, బ్రిటిషువారి పాలనలోనున్న భారతదేశమున శాసనసభలో ప్రవేశించిన మొదటి మహిళ ఆమెయే.

సభ్యులు ఆమెను ఏకగ్రీవముగ ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకొనిరి. అప్పుడు మండలికి అధ్యక్షుడు ఆంధ్రుడైన సి. వి. ఎస్. నరసింహరాజు. అధ్యక్షుడు లేని సమయమున ఆ పీఠమునెక్కి సభను నడుపుట ఉపాధ్యక్షుని పని. ఎవరు ముందు మాటలాడవలెనో, ఏది నియమమునకు లోబడినదో, ఏది కాదో తీర్పు చెప్పవలెను. కళాశాలలో ఒక మూల కూర్చుండుటకే అంత రభస జరిగిన బాలిక, ఇరువది యేండ్లు దాటిన పిమ్మట రాజధాని ప్రతినిధులందరిని అదుపులో నుంచు స్థానమున కూర్చుండెను.

సభలో ఆమె ఎత్తిన విషయములు చాల వరకు వైద్యురాలి కంటికి కనబడినవి. బడిపిల్లలకు వైద్యపరీక్ష జరుపవలెననెను. స్త్రీలకు, శిశువులకు ప్రత్యేక వైద్యశాలలు కావలెననెను. ముస్లిము బాలికలకు వసతిగృహము కావలెననెను. పసితనముననే తల్లులై ప్రసూతిలో మరణించు బాలికలను ఆమె వైద్యశాలలో చూచియుండెను. కావున 1928లో బాలికలకు పదునారేండ్లు, బాలురకు ఇరువదియొక్క యేండ్లు నిండకుండ వివాహము చేయరాదని కేంద్రప్రభుత్వమునకు సిఫారసు చేయుమని తీర్మానము తెచ్చెను. 1929లో శారదా చట్టము వచ్చినప్పుడు అది బాలికలకు పదునాలుగు, బాలురకు పదునెనిమిది యేండ్లనే నిర్ణయించెను. శాసనసభలో అడిగినదంతయు లభింపదు. లభించినదానిని తీసికొని తక్కినదానికై మరల అడుగవలెను. ఆ కాలముననే విద్యావిషయమును విచారించుటకు హార్టాగు అధ్యక్షతన ఏర్పడిన సంఘములో ఆమె సభ్యురాలయ్యెను. ఒకటవ తరగతిలో చేరిన పిల్లలలో చాలమంది చదువుట వ్రాయుట నేర్వకముందే బడి మానుచున్నారని, ఆ వ్యయమంతయు వృథా యగుచున్నదని ఆ సంఘము 1929లో నివేదించెను.

ఇక దేవదాసీల విషయము. ఆమె శాసనజీవితమునకు ఇదియే ప్రధానము.

పూర్వము పెద్ద దేవాలయములలో దీపారాధన, గానము, నాట్యము మున్నగు సేవలకు స్త్రీలు నియమింపబడుచుండిరి. బాల్యముననే దేవుని పేర మంగళసూత్రము కట్టి సమర్పింతురు. అట్లు సమర్పింపబడిన బాలిక మరి యెవ్వరిని వివాహమాడరాదు. కొందరు ఆ వ్యవస్థలో గొప్ప గాయనులు, నర్తకులు, విదుషీమణులు అయిరి. కాని కాలక్రమమున ధనవంతులు వారిని తమ భోగమునకు వస్తువులుగా చేసికొనిరి. పుట్టిన ఆడపిల్లకు తల్లి బ్రతుకే తప్ప వేరు బ్రతుకు లేకపోయెను. తెలుగునాట కందుకూరి వీరేశలింగము పంతులు మున్నగువారు పందొమ్మిదవ శతాబ్దముననే మేజువాణీలను ఖండించిరి. దేవదాసీ కుటుంబమున పుట్టిన తెలుగు వనిత యామినీ పూర్ణతిలకము మద్రాసులో అట్టి బాలికలకు శరణాలయము నడపెను. అయినను ఉపన్యాసములవలన ఆచారము ఆగలేదు. ఏల ఆగలేదో చూచుటయందే ముత్తులక్ష్మీరెడ్డి బుద్ధిసూక్ష్మత కనబడును.

ఒక కుటుంబమునకు పూర్వమెప్పుడో ఒక రాజు మూడెకరముల భూమి ఇనాముగ ఇచ్చెననుకొందము. ఆ భూమి వారిది కాదు; సేవది. ఆ యింటి స్త్రీ దేవాలయములో సేవ చేసినంతవరకే పంట వారికి చెందును. ఆమె ముసలిదైనచో మరియొక బాలికను సమర్పింపవలెను. లేదా భూమి పోవును. కన్నబిడ్డలు లేనివారు పిల్లలను దత్తు తీసికొనియైనను ఈ సేవ నిలుపుచుండిరి. సంస్కర్త వచ్చి, “అమ్మా! నీ బిడ్డకు ఈ బ్రతుకు వద్దు” అన్నచో, “అన్నమెవరు పెట్టుదురు?” అని ఆ తల్లి అడుగును. ఆ ప్రశ్నకు ఉపన్యాసములో జవాబు లేదు. చట్టములోనే యుండవలెను.

ఇచ్చట తీర్మానమునకు, చట్టమునకు గల భేదము గ్రహింపవలసి యున్నది. తీర్మానము గ్రామములో పెద్దలు చెప్పిన సలహా వంటిది. ప్రభుత్వము వినవచ్చును, వినకపోవచ్చును. చట్టము అట్లు కాదు. దానిని ప్రజలును ప్రభుత్వమును పాటించియే తీరవలెను. చట్టము కాగోరు ముసాయిదాకే బిల్లు అని పేరు. మంత్రులు తెచ్చు బిల్లులకు ప్రభుత్వబలము తోడుండును. సామాన్య సభ్యులును బిల్లు తేవచ్చును గాని, వారే కూడబలుకుకొని, ఒప్పించి, ఓట్లు సంపాదింపవలెను.

1927 నవంబరులో ఆమె ముందు తీర్మానము తెచ్చెను. దేవాలయములకు బాలికలను సమర్పించుటను మాన్పుటకు శాసనము కావలెనని సభ అంగీకరించెను. అంతటితో తృప్తి పడక ఆమె భూమివైపు దృష్టి త్రిప్పెను. హిందూ ధర్మాదాయముల చట్టమును సవరించు బిల్లు నొకదానిని తెచ్చి 1929లో ఆమోదింపజేసెను. సేవకు బదులుగా అనుభవించుచున్న ఇనాము భూములను ఆ సేవాబంధమునుండి విడిపించుట దాని సారాంశము. దేవాలయసేవ మానినను ఇక భూమి పోదు. ఆచారమునకు వేరు భూమిలో నున్నది గనుక ముందు వేరు విప్పెను. కొమ్మలు పిదప నరుకవచ్చునని ఆమె యుద్దేశము. సమర్పణమునే నిషేధించు రెండవ బిల్లును 1930లో తెచ్చెను.

ఈ ప్రయత్నమునకు ఎదురు లేకపోలేదు. ఎదిరించినవారందరు దుష్టులని తలచుటయు పొరపాటు. కాంగ్రెసు నాయకులలో మంచి వక్తయైన సత్యమూర్తి దీనిని వ్యతిరేకించెను. ఆచారము నశించినచో దానితో కళయు నశించునని కొందరి భయము. దేవదాసీలలోనే చాలమంది సంఘముగ కూడి ప్రభుత్వమునకు మహజరులు పంపిరి. తెలుగులో ‘రాధికా సాంత్వనము’ను ప్రకటించినదియు, తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి మందిరము కట్టించినదియు అయిన విదుషి బెంగుళూరు నాగరత్నమ్మ అట్లు నిరసించినవారిలో ఒకతె. తమలో విద్యావంతులు, భక్తులు, ఆస్తిపరులు ఉన్నారనియు, అందరిని ఒకే గాటకట్టి నిందించుట న్యాయము కాదనియు వారి వాదము. తమను గూర్చి చట్టము చేయుచు తమ మాట వినరా అని వారు అడిగిన ప్రశ్న తీసివేయదగినది కాదు. ఈ సంస్కరణ తరువాత నాట్యము క్రొత్తపేరుతో గౌరవస్థానమును పొందెను. దానిని తరతరములు కాపాడిన కుటుంబములు మాత్రము చాలవరకు వేదికకు దూరమైనవి. చరిత్రకారులు నేడు ఈ నష్టమును గూర్చియు వ్రాయుచున్నారు. ముత్తులక్ష్మీరెడ్డి చూపు మాత్రము విదుషీమణులపై గాక, ఇంకను మాట చెప్పలేని చిన్న బాలికలపై నిలచెను. ఏడెనిమిదేండ్ల బిడ్డ ఏ మహజరుపైనను చేవ్రాలు చేయలేదు గదా.

1930లో ఉప్పు సత్యాగ్రహము సాగుచుండగా గాంధీమహాత్ముని ప్రభుత్వము నిర్బంధించెను. ముత్తులక్ష్మీరెడ్డి తనను నియమించిన ప్రభుత్వముపై నిరసనగ సభ్యత్వమునకు రాజీనామా నిచ్చెను. ఆమె బిల్లు అప్పటికి సభలో నెగ్గలేదు. ఎదురున్న పని ముగించి పిదప రాజీనామా చేసిన బాగుండెడిదని అనుకొనుటకు అవకాశమున్నది. ఆమె యట్లు తలపలేదు. సభలోని మూడేండ్ల యనుభవములను ఆ యేడే ఒక ఆంగ్లగ్రంథముగ వెలువరించెను. శాసనసభ్యులలో తమ పనిని ఇట్లు లెక్క యప్పగించినవారు అరుదు.

సభ విడిచినంత మాత్రమున బాలికలు ఆమెను విడువలేదు. ఆ దినములలోనే ముగ్గురు బాలికలు ఆశ్రయము కోరి ఆమె యింటికి వచ్చిరి. వారు దేవదాసీ కుటుంబములవారు. ఆ బ్రతుకు వలదని వచ్చినవారు. నగరమునందలి వసతిగృహములలో చేర్పింప జూచినప్పుడు వారి పుట్టుక నెంచి చేర్చుకొనుటకు అంగీకరింపలేదు. చట్టము అడ్డు తొలగింపగలదు గాని, పిల్లకు పడుకొనుటకు చాప వేయజాలదు. ఆమె వారిని తన యింటనే యుంచుకొనెను. అదియే అవ్వై గృహమునకు ప్రారంభము. అవ్వై యనగా తమిళుల పూజ్య కవయిత్రి అవ్వైయారు. పిదప ఆ గృహము అడయారునకు మారి, అనాథ బాలికలకును, దిక్కులేని స్త్రీలకును విద్యాలయముగ, నివాసముగ పెరిగెను. కులమడుగుట అచ్చట లేదు.

ఈ నడుమ దేవదాసీ బిల్లు మూలబడి యుండెను. ప్రభుత్వములు మారెను, యుద్ధము వచ్చి పోయెను. ఆమె బయటనుండి పత్రికలలో వ్రాయుచు, మంత్రులకు జ్ఞాపకము చేయుచునే యుండెను. 1947లో స్వాతంత్ర్యము వచ్చిన యేడు, ఓమందూరు రామస్వామి రెడ్డియారు ప్రధానమంత్రిగా నుండగా అది మద్రాసు రాష్ట్రమున చట్టమయ్యెను. అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలును మద్రాసులో నుండుటచే ఆ చట్టము ఆంధ్రులకును వర్తించినది. నైజాము ఏలుబడిలోనున్న తెలంగాణమునకు వర్తింపలేదు. బసివి, జోగిని, మాతమ్మ యను పేర్లతో కొన్ని పల్లెలలో ఆచారము చాటుగ నిలచియుండగా, ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1988లో రాష్ట్రమంతటికి వర్తించు మరియొక నిషేధచట్టమును చేయవలసి వచ్చెను.

ఆమె జీవితమున మరియొక పట్టుదల గలదు. 1923లో ఆమె చెల్లెలు పుట్టకురుపు రోగముతో, అనగా క్యాన్సరుతో, మరణించెను. వైద్యురాలైయుండియు చెల్లెలిని బ్రతికించుకొనలేకపోయెను. ఆ రోగమునకు ప్రత్యేక వైద్యశాల కావలెనని నాటినుండి పలుమారు కోరెను. క్యాన్సరు వచ్చినవారెట్లును చనిపోవుదురు గదా, వైద్యశాల యెందులకని ఒక మంత్రి యడిగెనని చెప్పుదురు. ఆమె వాదించుట మాని చందాలు పోగుచేయుటకు పూనుకొనెను. భారత మహిళాసంఘము పక్షమున 1949లో నిధి నేర్పడజేసెను. 1952 అక్టోబరులో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1954 జూన్ 18వ తేదీన అడయారులో వైద్యశాల తెరువబడెను. అందు పండ్రెండు పడకలు మాత్రమే యుండెను. ఆమె కుమారుడు డాక్టరు కృష్ణమూర్తి దానికి వైద్యుడయ్యెను. మరుసటి సంవత్సరము యువవైద్యురాలగు వి. శాంత వచ్చి చేరెను. 2021లో మరణించువరకు ఆమె ఆ సంస్థనే అంటిపెట్టుకొని యుండెను.

1956లో భారతప్రభుత్వము ముత్తులక్ష్మీరెడ్డికి పద్మభూషణ పురస్కార మిచ్చెను. 1968వ సంవత్సరము జూలై 22వ తేదీన, ఎనుబదిరెండవ యేడు నిండుటకు ఎనిమిది దినముల ముందు, ఆమె కన్నుమూసెను. అవ్వై గృహమును, క్యాన్సరు వైద్యశాలయు నేటికిని అడయారులోనే యున్నవి. దేశపు నలుమూలలనుండి, తెలుగు జిల్లాలనుండియు, రోగులు ఆ వైద్యశాలకు వచ్చుచున్నారు.